మన ఇంటి నీళ్ళు ఎటు పోతున్నాయి?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఉర్దూ మాస్టారు గదా, చదువు గురించో, మాతృభాష గురించో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను కోరారు. చదువు గురించి చెప్పడానికి ఈ వేదిక మీద నాకంటె పెద్దలు ఉన్నారు. అందుచేత నేను వేరే విషయం తీసుకున్నాను. సింకు, లెట్రిన్, మురుగు పైపు - వీటిని గురించి మాట్లాడతాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. విన్న తర్వాత నవ్వరని నా నమ్మకం.

నేను ప్లంబర్ని కాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయితే కొన్నేళ్ళ క్రితం బక్రీదు రోజున మా ఇంట్లో ఒకే పూటలో నేను మూడు తప్పులు చేశాను. మొదటి తప్పుకు డబ్బు ఖర్చయింది. రెండో తప్పుకు మా ఇంటావిడ రెండు రోజులు దగ్గింది. మూడో తప్పుకు ఒక మనిషి ప్రాణం పోవలసింది, పోలేదు. ఈ మూడూ దాచుకోకుండా మీ ముందు పెడదామని వచ్చాను.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. ఖుర్బానీ మాంసం కడిగిన నీళ్ళు, పెద్ద దేగిశాలు తోమిన నీళ్ళు అన్నీ వంటింటి సింకులోనే పోశాము. అసర్ వేళకు సింకు నిండిపోయింది. నీళ్ళు దిగడం లేదు. నేను బజారుకు పోయి ఒక సీసా యాసిడ్ తెచ్చి పోశాను. అరగంట చూశాను, దిగలేదు. బాత్రూములో ఉన్న బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చి దానిమీదే కుమ్మరించాను. గుప్పున ఘాటైన గాలి లేచింది. పక్కనే ఉన్న మా ఇంటావిడకు ఊపిరాడలేదు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి. ఆమెను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాము.

అప్పుడు ఎవరో "సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది, అందుకే నీళ్ళు ఎదురుతంతున్నాయి" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. ట్యాంకులు శుభ్రం చేసే మనిషి కోసం కబురు పంపాను. సాయంత్రానికి ఒకతను వచ్చాడు, దాదాపు నా వయసువాడే. పారా, బకెట్టు, మోకు తప్ప చేతిలో ఇంకేమీ లేవు. బేరం కుదిరింది. చొక్కా విప్పి గోడమీద పెట్టి, ట్యాంకు మూత పక్కకు జరపబోయాడు. డబ్బు చేతిలో పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మా అబ్బాజాన్ వరండాలో కుర్చీలోనుంచి ఇదంతా చూస్తున్నారు. "ఏమయ్యా, కొంచెం ఆగు" అని అతన్ని ఆపారు. తర్వాత నావైపు తిరిగి, "బేటా, లోపలికి దిగిన మనిషి పైకి రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి చెప్పేది నువ్వేనా?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆ మనిషిని కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. అతను చాయ్ తాగుతూ వంటింటి వెనక గోడవైపు చూసి, "సారూ, మీ వంటింటి నీళ్ళు ట్యాంకులోకి పోవు. అదిగో, ఆ గల్లీ ట్రాపులోంచి బజారు కాలువకు పోతాయి" అన్నాడు. వెళ్ళి చూద్దుము గదా, గోడ పక్కన మూరెడు ఇటుక తొట్టి, దానిమీద జాలీ, లోపల తెల్లగా మైనంముద్దలా గట్టిపడిన చర్బీ. పాత గరిటెతో, వెదురుబద్దతో తీస్తే పావుగంటలో సింకు ఖాళీ అయింది.

పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. నా వంటింటి నీళ్ళు ఎటు పోతున్నాయో నాకు తెలియదు. ఆ తెలియనితనంతో, ఏ సంబంధమూ లేని గుంటలోకి ఒక మనిషిని దించబోయాను. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంటిలో పైపులు ఎటు పోతున్నాయో తెలుసుకోవడం ప్లంబరు పని కాదు, ఇంటి యజమాని పని.

ఇక అసలు పాఠంలోకి వస్తాను.

మన ఇళ్ళలో వాడిన నీరు సాధారణంగా రెండు దారుల్లో పోతుంది. వంటింటి నీళ్ళు, స్నానం నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు ఒక దారి. లెట్రిన్‌లో పోసిన నీళ్ళు ఇంకొక దారి. చాలా ఇళ్ళలో మొదటిది గల్లీ ట్రాపుగుండా వీధి కాలువకు, రెండవది సెప్టిక్ ట్యాంకుకు పోతుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్నచోట రెండూ కలిసి వీధిలోని మ్యాన్‌హోలుకు చేరతాయి. మీ ఇంట్లో ఏది ఎలా ఉందో ఇల్లు కట్టిన మేస్త్రీ ఊళ్ళో ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.

ప్రతి సింకు కింద, ప్రతి లెట్రిన్ బేసిన్ కింద పైపు ఒక వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉంటుంది. అది చెడిపోయి నిలిచిన నీరు కాదు, కావాలని నిలిపిన నీరు. కాలువలోని దుర్వాసన, పురుగులు ఇంట్లోకి రాకుండా అడ్డుపడే తలుపు అదే. ఈ వంపుకు 1775లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండు దేశస్థుడు. ఆయన వృత్తి గడియారాలు చేయడం. కాబట్టి ఉర్దూ మాస్టారు పైపులను గురించి మాట్లాడితే తప్పేమీ లేదు.

స్నానాలగదిలో జాలీ కింద ఉండేదాన్ని హార్డ్‌వేర్ షాపుల్లో "నాని ట్రాపు" అంటారు. అసలు మాట "నహానీ", అంటే మన "నహానా", స్నానం చేయడం. అది మన మాటే. గల్లీ ట్రాపులో గల్లీ మాత్రం మన గల్లీ కాదు, ఇంగ్లీషు మాట. ఒక పాఠంలో రెండు భాషలు చెప్పడం నా అలవాటు, క్షమించాలి.

ఎవరూ వాడని బాత్రూములో దుర్వాసన వస్తోందని చాలామంది ఫినాయిలు మీద ఫినాయిలు పోస్తారు. అక్కడ వంపులోని నీరు ఎండిపోయి ఉంటుంది, అంతే. వారానికొకసారి రెండు చెంబుల నీళ్ళు పోస్తే వాసన ఆగిపోతుంది.

నీళ్ళు దిగనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఒక్కచోటే ఆగిందా? అలాగైతే అడ్డు ఆ సింకు కింది వంపులోనో, దాని పైపులోనో, మా ఇంట్లోలాగా బయట గల్లీ ట్రాపులోనో ఉంటుంది.

రెండవది: ఒక గదిలో అన్నీ ఆగాయా? అయితే అడ్డు ఆ గదినుంచి బయటికి వచ్చే పైపులో ఉంది.

మూడవది: లెట్రిన్‌లో నీళ్ళు పోస్తే స్నానాలగది జాలీలోంచి గుడగుడమని పైకి వస్తున్నాయా? అయితేనే పెద్ద పైపునో, ట్యాంకునో అనుమానించాలి.

ఆ రోజు మా లెట్రిన్ చక్కగా పనిచేస్తూనే ఉంది. ట్యాంకు నిండితే అది ముందు ఆగేది. ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఎవరినీ పిలవవలసిన అవసరం వచ్చేది కాదు.

ఇప్పుడు నా మొదటి తప్పు, చర్బీ. వేడి నీళ్ళతోపాటు పోస్తే కొవ్వు కరిగి పోతుందని అనుకుంటాము. సింకులోనుంచి పోతుంది, నిజమే. పది అడుగులు పోయి చల్లబడి, అక్కడ పైపుకు అంటుకుంటుంది. దాని మీద అన్నం మెతుకులు, చాయ్ పొడి చేరుతాయి. పండుగనాడు, వలీమానాడు దేగిశాలను ముందు పాత కాగితంతోనో, పొడి బూడిదతోనో తుడిచి, ఆ తుడిచినదాన్ని చెత్తబుట్టలో వేసి, తర్వాత కడగండి. మాంసం కడిగేటప్పుడు సింకు రంధ్రం మీద జాలీ బిళ్ళ పెట్టండి. కొవ్వు ముక్కలు, పేగుల్లో మలినాలు ఎట్టి పరిస్థితిలోనూ కాలువల్లో వేయకండి. మన పండుగ ఇరుగుపొరుగువారికి కంపు కారాదు.

ఆగిన సింకును సరిచేయడానికి కర్రకు రబ్బరు గిన్నె బిగించిన పరికరం బజారులో దొరుకుతుంది. సింకులో నాలుగు వేళ్ళ ఎత్తున నీరు ఉంచి, బేసిన్‌కు పైన ఇంకో చిల్లు ఉంటే తడిగుడ్డతో మూసి, రబ్బరు గిన్నెను రంధ్రం మీద ఆనించి పది పదిహేనుసార్లు నొక్కి లాగాలి. చిల్లు మూయకపోతే గాలంతా అటే పోతుంది, పని జరగదు. అప్పటికీ దిగకపోతే కింద బకెట్టు పెట్టి, సింకు కింద సీసాలా వేలాడే ట్రాపును చేత్తోనే విప్పి కడగవచ్చు. ప్లాస్టిక్‌ది గనుక పానా అవసరం లేదు. తిరిగి బిగించేటప్పుడు లోపలి రబ్బరు చుట్టు మరిచిపోకండి.

నా రెండవ తప్పు, యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడరు. అక్కచెల్లెళ్ళు ఇది ప్రత్యేకంగా వినాలి, ఎందుకంటే బాత్రూములు కడిగేది ఎక్కువగా మీరే. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, సైనికుల మీద వదిలిన వాయువు అదే. లెట్రిన్ కడగడానికి సీసాల్లో అమ్మే ద్రవాలు చాలావరకు యాసిడ్‌తో చేసినవే, కాబట్టి వాటితోనూ బ్లీచింగ్ కలపకూడదు. ఒకటి వాడిన తర్వాత బాగా నీళ్ళు పోసి, ఇంకొకటి వేరే రోజున వాడండి. పొరపాటున కలిస్తే అక్కడ నిలబడి సరిచేయడానికి ప్రయత్నించకండి. వెంటనే గాలిలోకి వచ్చేయండి, కళ్ళను మంచినీళ్ళతో కడగండి, ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి పొండి.

కాస్టిక్ సోడా సంగతీ అంతే. అది కొవ్వును, వెంట్రుకలను కరిగించే మాట నిజమే గాని, చర్మాన్నీ కరిగిస్తుంది. నీళ్ళలో పడగానే సలసల కాగుతుంది. యాసిడ్ పోసిన చోట దాన్ని వేయరాదు, అల్యూమినియం గిన్నెలో కలపరాదు. నా మాట వింటే, రబ్బరు గిన్నెతో అయ్యే పనికి మందులు వాడకండి.

ఇక కుళాయిల సంగతి. మా వజూ కుళాయి చుక్కలుగా కారుతూ ఉండేది. ఒకనాడు కింద గిన్నె పెట్టి గడియారం చూశాను. గంటకు అర లీటరు. రోజుకు 12 లీటర్లు. ఏడాదికి 4,380 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు 219. వేసవిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడే మనం, ఇంట్లో ఇన్ని డబ్బాలు పారబోస్తున్నాము. దానికి కావలసింది చిన్న రబ్బరు వాషరు. మేడమీది ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి ఉన్న నీళ్ళు వదిలి, కింద రంధ్రం మీద గుడ్డ పరిచి - లేకపోతే మర మేకు అందులో పడుతుంది, నాకు పడింది - పైభాగం పానాతో విప్పి వాషరు మార్చాలి. పావు చుట్టుతో కట్టేసే కొత్తరకం కుళాయిలకు వాషరు ఉండదు, లోపలి పింగాణీ బిళ్ళలున్న ముక్కనే మార్చాలి. కుళాయి గోడలో బిగించేచోట కారితే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర బిగిసే వైపే చుట్టండి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

ఇంకొక మాట మన ఇళ్ళకే చెందింది. వజూ చేసేటప్పుడు కాళ్ళు కడగడానికి వాష్ బేసిన్ మీదికి కాలెత్తి పెడతాము. ఆ బేసిన్ గోడకు రెండు మేకులమీద నిలబడి ఉంది, మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. ముందు గోడ దగ్గర చీలిక, తర్వాత కింద కారడం, ఒకనాడు పింగాణీ విరిగి కాలు కోసుకుపోవడం. ముసలివాళ్ళున్న ఇంట్లో ఇది పెద్ద ప్రమాదం. మోకాలెత్తున ఒక కుళాయి, ఎదురుగా ఒక పీట పెట్టించండి. ఖర్చు కొద్దిదే.

ఫ్లష్ ట్యాంకు ఉన్నవారు ఒక పరీక్ష చేయండి. ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరూ వాడకుండా ఉంచండి. బేసిన్‌లోకి నీలం దిగితే, ట్యాంకు అడుగున రబ్బరు మూత సరిగా మూసుకోవడం లేదని అర్థం. రాత్రింబవళ్ళు మంచినీళ్ళు పోతున్నాయన్నమాట. చెంబుతో పోసుకునే బేసిన్ తక్కువది అనుకోకండి. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్‌గారు ప్రచారం చేసిన నిటారు వాలు బేసిన్‌కు ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు చాలు. పాతరకం ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా మింగుతుంది. గుడ్డలు, పసిపిల్లల డైపర్లు, ఆడవారి ప్యాడ్లు మాత్రం ఏ బేసిన్‌లోనూ వేయకండి. ఇవి నీళ్ళలో కరగవు.

కొత్తగా ఇల్లు కట్టేవారు రెండు విషయాలు చూసుకోండి. నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఉండాలి. ట్యాంకు గాలిగొట్టం డాబాకంటె ఎత్తుగా లేపి, పైన దోమల జాలీ కట్టాలి. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ సెప్టిక్ ట్యాంకుల్లో కూడా గుడ్లు పెడుతుంది. జాలీ కట్టడానికి ఒక పాత గుడ్డముక్క, ఒక తీగ చాలు.

ఇక నా మూడవ తప్పు. దీన్ని చివరికి ఎందుకు ఉంచానో మీకు తెలుసు.

సెప్టిక్ ట్యాంకులో మురుగు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ అనే వాయువులు పుడతాయి. ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. కాని ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. వాసన లేదు గనుక ప్రమాదం లేదనుకుని దిగినవాడు రెండు మూడు శ్వాసలకే కూలిపోవచ్చు. అతన్ని కాపాడబోయి రెండోవాడు, రెండోవాడి కోసం మూడోవాడు - వార్తల్లో మనం చదివే చావులు చాలాసార్లు ఇలా ఇద్దరు ముగ్గురివిగా ఉండడానికి కారణం ఇదే. ఎవరైనా పడితే మీరు దిగకండి. 101కు ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి. మూత దగ్గర అగ్గిపుల్ల గీయకండి, బీడీ తాగనివ్వకండి, మీథేన్ అంటుకుంటుంది. పగిలిన మూతను ఆ రోజే మార్పించండి, పిల్లలు ఆడుకునే చోటు అది.

చట్టం కూడా చెబుతాను. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిచేత మురుగు కాలువగాని సెప్టిక్ ట్యాంకుగాని శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. కాని డబ్బు లెక్క చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మా అబ్బాజాన్ అడిగిన ప్రశ్నకు ఏ కోర్టూ నా బదులు జవాబు చెప్పదు.

చేయవలసింది కష్టమేమీ కాదు. రెండు మూడేళ్ళకొకసారి, నిండకముందే, గొట్టంతో పీల్చే లారీని పిలిపించండి. మునిసిపాలిటీలో అడిగితే చెబుతారు. లారీ మన సందులోకి రాదంటారా, పొడుగు గొట్టం ఉన్న లారీ అడగండి, నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకేరోజు పిలిపించండి. తీసిన తేదీ గోడమీద పెయింటుతో రాయండి.

ఆ సాయంత్రం ఆ మనిషికి ముందు ఒప్పుకున్న డబ్బంతా ఇచ్చాను. అది దానం కాదు. అతను చెప్పినందువల్లే మా సింకు బాగుపడింది. చేతులు కడుక్కుంటూ అతను ఒక మాట అన్నాడు: "పైపుల పని కూడా నాకు వచ్చు సారూ. కాని ట్యాంకులో దిగడానికే పిలుస్తారు, పైన పనికి ఎవరూ పిలవరు." అప్పటినుంచి మా ఇంట్లో పైపు పని ఏది వచ్చినా అతన్నే పిలుస్తున్నాము. మీరూ అలాంటివారికి పైన పని ఇవ్వండి.

చివరగా రెండు విన్నపాలు. ఒకటి, సంఘానికి. ఒక రబ్బరు గిన్నె కర్ర, ఒక పైపు పానా, కొన్ని వాషర్లు, టేపు చుట్టలు పెట్టెలో పెట్టి సంఘ కార్యాలయంలో ఉంచండి. కావలసినవారు రిజిస్టరులో రాసి తీసుకుపోతారు, తిరిగి ఇస్తారు. షామియానాలు, దేగిశాలు ఉమ్మడిగా ఉంచుకుంటున్నాము గదా, ఇదీ అలాంటిదే. మొదటి పెట్టె ఖర్చు నేను భరిస్తాను.

రెండవది, మీకు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం మీద మీ ఇంటి నీళ్ళు ఎటు పోతున్నాయో గీయండి. సింకు, బాత్రూము, లెట్రిన్, గల్లీ ట్రాపు, ట్యాంకు, వీధి కాలువ. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ మీకు తెలియదన్నమాట. రేపు పొద్దున పోయి చూసి పూర్తి చేయండి. మా బళ్ళో పిల్లలకు ఈ హోంవర్కు ఇచ్చాను, తండ్రులకంటె వాళ్ళే బాగా గీశారు.